మార్పులు చేసిన ఆఫ్‌రోడ్ బండిలో ఇంజిన్ వేడిని అదుపులో ఉంచడం ఎలా?

షోరూమ్ నుంచి వచ్చిన మహీంద్రా థార్ జీపు నడి వేసవిలో ఏసీ వేసుకుని గంటసేపు ట్రాఫిక్‌లో నిలబడ్డా వేడెక్కదు. అదే బండికి 33 అంగుళాల టైర్లు, ఇనుప బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), గ్రిల్ ముందు ఎల్ఈడీ బార్, ఇంజిన్ కింద రాళ్లు తగలకుండా స్కిడ్ ప్లేటు బిగించి వికారాబాద్ వైపు ఎర్రమట్టి దారుల్లోకి దింపండి. అరగంటలో డాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. అప్పుడు చుట్టుపక్కల వాళ్ల నుంచి రెండు సలహాలు తప్పక వస్తాయి: థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటం) పీకేయమని ఒకటి, పెద్ద రేడియేటర్ వేయించమని ఇంకొకటి. మొదటిది తప్పు. రెండోది చాలాసార్లు అనవసరపు ఖర్చు.

కాలిన ఇంధనంలోని శక్తిలో ఇంచుమించు మూడో వంతు కూలెంట్‌లోకి, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలోకి, వేడిగా పోతుంది. ఆ ద్రవం రేడియేటర్ గొట్టాల్లోంచి పోతున్నప్పుడు ఆ వేడిని బయటికి మోసుకుపోవాల్సింది గాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గాలి తనంతట తానే రేడియేటర్‌లోకి దూసుకొస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. గుట్ట ఎక్కుతూ గంటకు 5 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు ఆ గాలి ఉండదు, ఇంజిన్ మాత్రం పూర్తి బరువు లాగుతుంటుంది. భారమంతా ఫ్యాన్ మీద పడుతుంది. మనం ముందు బిగించిన సామానంతా సరిగ్గా ఆ ఫ్యాన్ లాగాల్సిన గాలికే అడ్డం. కాబట్టి పని ఈ వరసలో చేయండి: ముందు కొలత, తర్వాత గాలి దారి, తర్వాత ఫ్యాన్, అటుపైన రేడియేటర్ మూత, థర్మోస్టాట్, కూలెంట్. రేడియేటర్ అన్నిటికన్నా చివర.

కొలవకుండా స్పానర్ పట్టకండి

డాష్‌బోర్డు ముల్లును నమ్ముకోవద్దు. చాలా బండ్లలో అది సుమారు 75 నుంచి 105 డిగ్రీల దాకా మధ్యలోనే కదలకుండా నిలబడేలా కంపెనీవాళ్లే అమరుస్తారు, కస్టమర్ కంగారు పడకూడదని. ముల్లు కదిలేసరికి మీ చేతిలో ఉన్న సమయం అయిపోతుంది. ఓబీడీ పోర్టు (బండి కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్) ఉన్న బండికి ఈఎల్ఎమ్ 327 రకం బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ అంకెల్లో చూడండి. పాత జీపులకు టాప్ హోస్ (ఇంజిన్ నుంచి రేడియేటర్ పైభాగానికి పోయే గొట్టం) కోసి మధ్యలో సెన్సర్ అడాప్టర్ పెట్టి విడిగా గేజ్ బిగించుకోవాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: ఒక్క వైరు సెన్సర్ తన లోహపు ఒంటి గుండా ఎర్త్ తీసుకుంటుంది, రబ్బరు గొట్టాల మధ్య ఉన్న అడాప్టర్‌కు ఎర్త్ దొరకదు. అడాప్టర్ నుంచి ఛాసీకి ఒక వైరు విడిగా వేయండి. లేదంటే గేజ్ చూపించేదంతా గాలిలెక్క.

ఇంకో మాట. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉన్నంతవరకే నిజం చెబుతుంది. హోస్ పగిలి కూలెంట్ పోయాక అది ఆవిరిలో ఉంటుంది, అంకె పడిపోతుంది. 108 ఉన్నది ఉన్నట్టుండి 80కి దిగితే సంతోషించకండి, ఇంజిన్ ఆపండి.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. రేడియేటర్‌లోకి వచ్చేచోట, బయటికి పోయేచోట కొలిచి తేడా చూడటానికి పనికొస్తుంది. మెరిసే అల్యూమినియం మీద ఇది నిజం కన్నా బాగా తక్కువ చూపిస్తుంది. కొలిచేచోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద కొలవండి.

ఇప్పుడు మూడు పరీక్షలు. ఏసీ వేసి 15 నిమిషాలు ఐడ్లింగ్‌లో; 4ఎల్‌లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే గేరింగ్) మొదటి గేరులో 10 నిమిషాలు ఎక్కుడు; హైవే మీద గంటకు 80 వేగంలో 20 నిమిషాలు. ప్రతిసారీ కూలెంట్ వేడి, ఆనాటి గాలి వేడి రెండూ పుస్తకంలో రాసుకోండి. తర్వాత ఏ మార్పు చేసినా, ఒకసారికి ఒక్కటే చేసి, ఇవే మూడు మళ్లీ నడపండి. రెండు మూడు మార్పులు ఒకేరోజు చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

గాలి వేడి ఎందుకు రాయాలంటే: థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నాక, ఒకే రకం బరువు మీద, కూలెంట్‌కీ బయటి గాలికీ మధ్య తేడా దాదాపు మారదు. జనవరిలో 28 డిగ్రీల గాలిలో గుట్ట ఎక్కుతూ 98 చూపించిందనుకోండి. తేడా 70. మే నెలలో రెంటచింతలలో 45 డిగ్రీలున్నప్పుడు అదే ఎక్కుడు మీద ఆ బండి 115 చూపిస్తుంది. చలికాలంలో బాగానే ఉన్న బండి ఎండాకాలంలో దెబ్బ తినడంలో మాయేమీ లేదు, ఈ కూడికే.

అంకెల సంగతి. ఎక్కువ ఇంజిన్లకు 82 నుంచి 95 మామూలు. నిటారు ఎక్కుడు మీద 100–102 కాసేపు ఉంటే భయం లేదు. 105 దగ్గర ఏదో ఒకటి చేయాలి, 110 దగ్గర ఆగాలి. 115 దాటితే ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంకర పోవడానికీ, దాని కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోవడానికీ దారి తెరిచినట్టే. కొన్ని కొత్త పెట్రోల్ ఇంజిన్లను 100 దాటి నడిచేలానే తయారుచేస్తారు. అలాంటి బండికి పై అంకెలు కాకుండా, దాని మామూలు అంకె తెలుసుకుని, 10 ఎక్కితే జాగ్రత్త, 15 ఎక్కితే ఆపడం అని పెట్టుకోండి.

ఎప్పుడు వేడెక్కుతోంది?

సగం రోగం ఇక్కడే తెలిసిపోతుంది. నెమ్మదిగా పాకేటప్పుడు వేడెక్కి, రోడ్డెక్కి 60 దాటగానే దిగితే ఫ్యాన్ లేదా ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు). ఐడ్లింగ్‌లో చల్లగా ఉండి హైవే మీద ఎక్కితే రేడియేటర్ లోపల పూడిక, ఫిన్‌ల (రేడియేటర్ సన్నటి రేకుల) మధ్య మట్టి, లేదా పంపు పీల్పుకు బాటమ్ హోస్ (రేడియేటర్ కిందినుంచి ఇంజిన్‌కు వచ్చే గొట్టం) చదునుగా నొక్కుకుపోవడం. అన్నిచోట్లా ఎక్కితే థర్మోస్టాట్ లేదా వాటర్ పంపు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాల్లోనే టాప్ హోస్ రాయిలా గట్టిపడితే, మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు బుడగలు ఆగకుండా వస్తుంటే, హెడ్ గ్యాస్కెట్ గుండా సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోంది. అనుమానం తీర్చుకోవడానికి బ్లాక్ టెస్టర్ అనే నీలి ద్రవం ఉంటుంది, పొగ తగిలితే పసుపులోకి మారుతుంది. అది మారిందంటే కింద రాసినవేవీ మీకు పనికిరావు, ముందు హెడ్ విప్పించండి.

థర్మామీటర్‌తో చూసే తేడా కూడా ఇదే చెబుతుంది. బరువు మీద ఉన్నప్పుడు రేడియేటర్‌లోకి వచ్చే కూలెంట్‌కూ పోయే కూలెంట్‌కూ మధ్య 6 నుంచి 12 డిగ్రీలు తేడా ఉండటం మామూలు. ఇంజిన్ వేడెక్కుతూ ఈ తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటే కూలెంట్ బాగానే తిరుగుతోంది, గాలి వేడిని తీసుకోవడం లేదు. తేడా 20 దాటితే గాలి బాగానే ఉంది, కూలెంట్ తిరగడం లేదు: పంపు, థర్మోస్టాట్, పూడిక చూడండి.

గాలి దారి

బండి ముందు నిలబడి గ్రిల్‌లోంచి రేడియేటర్ ఎంత కనిపిస్తోందో చూడండి. వించ్, దాని ప్లేటు, నంబర్ ప్లేటు, ఎల్ఈడీ బార్, హారన్లు, అన్నీ కలిసి సగం కప్పేసిన బండ్లు చాలా ఉన్నాయి. ఎల్ఈడీ బార్‌ను పైకి, విండ్‌షీల్డ్ ఫ్రేమ్ మీదికి మార్చండి. హారన్లు పక్కకు. వించ్ వీలైనంత కిందకు, బంపర్ లోపలికి. బుల్ బార్ గురించి చెప్పాల్సింది వేరే ఉంది: కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వాటిని తొలగించమని రాష్ట్రాలకు రాసింది, కాబట్టి గాలికి అడ్డమన్నది దాన్ని తీసేయడానికి రెండో కారణం.

ముందునుంచి వచ్చిన గాలి రేడియేటర్ గుండానే పోవాలి. సందు దొరికితే గాలి పక్కనుంచి జారిపోతుంది. అంతకన్నా చెడ్డది, వెనకనుంచి వేడిగాలి అదే సందులోంచి తిరిగి ముందుకొచ్చి మళ్లీ రేడియేటర్‌లోకే పోతుంది. బంపర్ మార్చినప్పుడు, బాడీ లిఫ్ట్ చేసినప్పుడు కంపెనీ పెట్టిన ప్లాస్టిక్, రబ్బరు అడ్డాలు విప్పి మూలన పడేస్తారు. వాటిని వెతికి తిరిగి బిగించండి. లేకపోతే 10–12 మిల్లీమీటర్ల మందం రబ్బరు ఫోమ్ పట్టీతో రేడియేటర్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య పైనా కిందా పక్కలా మూయండి. వందల్లో అయ్యే పని. వేలు పోసి కొన్న రేడియేటర్ ఇవ్వని లాభం దీంతో వచ్చిన బండ్లున్నాయి.

తర్వాత మట్టి. ముందు ఏసీ కండెన్సర్, టర్బో డీజిల్ అయితే ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లార్చేది), వెనక రేడియేటర్, ఇలా పొరలుంటాయి. బయటినుంచి చూస్తే శుభ్రంగా కనిపిస్తుంది, మట్టి మాత్రం పొరల మధ్య ఉంటుంది. ఎర్రమట్టి కొంత నయం. నల్లరేగడి ఒకసారి ఎండిందంటే ఇటుకే. కడిగే పద్ధతి ఇది: ఇంజిన్ చల్లారాక మట్టి మీద నీళ్లు చిలకరించి 15 నిమిషాలు నాననివ్వండి. కండెన్సర్ బోల్టులు విప్పి, గ్యాస్ పైపులు కదలకుండా, రెండు అంగుళాలు ముందుకు వంచండి. ఇంజిన్ వైపునుంచి బయటికి, మామూలు తోట పైపుతో, నీటిధార ఫిన్‌లకు తిన్నగా పడేలా కడగండి. ముందునుంచి కొడితే మట్టి ఇంకా లోపలికి దిగుతుంది. వాటర్ సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొట్టనివ్వకండి, ఫిన్‌లు పడుకుంటాయి. పడుకున్న ఫిన్ మూసుకున్న కిటికీతో సమానం. ఫిన్ దువ్వెనతో వాటిని నిలబెట్టవచ్చు, ఓపిక కావాలి. వెనకనుంచి టార్చ్ వేస్తే ముందు వెలుతురు అంతటా సమానంగా కనిపించేదాకా కడగడం ఆపకండి.

ఎండుగడ్డిలో తిరిగితే గడ్డి గింజలు, పొట్టు గ్రిల్‌లో పేరుకుంటాయి. కొందరు ముందు దోమతెర కడతారు. అది ఆ గడ్డి దాటేవరకే. దాటగానే తీసేయండి, అంత సన్నటి తెర గాలిని కూడా ఆపుతుంది.

లోపలికి వచ్చిన గాలి బయటికి పోవాలి కదా. దాని గురించి ఎవరూ ఆలోచించరు. స్కిడ్ ప్లేటు నిండు రేకైతే ఇంజిన్ గది కుండలా తయారవుతుంది. లాత్ వర్క్స్‌లో ఇచ్చి దానికి వెనకవైపు నోరున్న గాట్లు పెట్టించండి. బోనెట్‌కు వెంట్లు కోయించదలిస్తే రేడియేటర్ వెనకే, బోనెట్ ముందు భాగంలో కోయించాలి. విండ్‌షీల్డ్ మొదట్లో గాలి కొట్టుకుని ఒత్తిడి పెరుగుతుంది, అక్కడ కోస్తే వేగంలో గాలి లోపలికి వస్తుంది తప్ప బయటికి పోదు. బోనెట్ కీళ్ల కింద వాషర్లు వేసి వెనక ఎత్తడంలో ఉన్న చిక్కు కూడా ఇదే: పాకేటప్పుడు వేడి పొగలా పైకి పోతుంది, హైవేలో పని చెడుతుంది. ఎక్కడ కోయాలో తేల్చుకోవడానికి బోనెట్ మీద జానెడు నూలు దారాలు టేపుతో అక్కడక్కడా అతికించి, పక్క బండిలోంచి ఫోన్‌లో వీడియో తీయించండి. దారం లేచి ఆడుతున్నచోట గాలి బోనెట్‌ను వదిలేస్తోంది. కట్టర్ పట్టుకునే ముందు దారం ఖర్చు పెట్టడం మేలు.

ఫ్యాన్, ష్రౌడ్

ష్రౌడ్ లేని ఫ్యాన్ తన రెక్కల ముందున్న కొద్దిపాటి గుండ్రని మేరనుంచే గాలి లాగుతుంది, రేడియేటర్ మూలలు ఊరికే ఉంటాయి. ఇంజిన్ మార్చిన జీపుల్లో ష్రౌడ్ సరిపోక తీసేయడం మామూలైపోయింది. రేకుతోనైనా కట్టించండి. ఇంజిన్‌తో తిరిగే ఫ్యాన్ రెక్క వెడల్పులో సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండాలి. రెక్క కొనకూ ష్రౌడ్‌కూ మధ్య 15 నుంచి 25 మిల్లీమీటర్లు. ఇంతకన్నా దగ్గరైతే గుంతల్లో ఇంజిన్ ఊగినప్పుడు తగులుతుంది. ఇంజిన్ మౌంటింగులు అరిగి ఉంటే వాటిని ముందు మార్చండి.

విస్కస్ క్లచ్ ఫ్యాన్ (వేడిని బట్టి ఇంజిన్‌తో పట్టు బిగించుకునే ఫ్యాన్) ఉంటే పరీక్ష తేలిక. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి, తాళం చేతిలో పెట్టుకుని, ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. బిగువుగా తిరిగి వెంటనే ఆగాలి. నాలుగైదు చుట్లు వదులుగా తిరిగితే లోపలి సిలికాన్ ఆయిల్ పోయినట్టు. క్లచ్ ముందు నూనె చారలు, రెక్కలు ముందుకూ వెనక్కూ ఆడటం కూడా అదే చెబుతాయి. దాన్ని వెల్డింగ్ పెట్టి బిగించేవాళ్లున్నారు. వద్దు. నీళ్లలోకి దిగినప్పుడు ఆ ఫ్యాన్ రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను కోసేస్తాయి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేయాలా? నీళ్లలో ఎక్కువ దిగే బండికి, ఆపుకునే వీలు కోసం, వేసుకోవచ్చు. బరువు లాగే డీజిల్‌కు కంపెనీ ఫ్యాన్ ఆరోగ్యంగా ఉంటే దాన్ని తీసేయడంలో అర్థం లేదు. వేసేటప్పుడు రేడియేటర్ వెనక, ఇంజిన్ వైపు పెట్టి లాగేలా వేయండి. ముందు పెట్టి తోసే ఫ్యాన్ పనితనం తక్కువ, పైగా అదే గాలికి అడ్డం. ఫిన్‌లలోంచి ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి కట్టకండి, అదురుకు ట్యూబులు కోసుకుపోతాయి. ఫ్రేము కట్టించండి.

వైరింగ్‌లోనే ఎక్కువమంది దెబ్బతింటారు. 14–16 అంగుళాల ఫ్యాన్ 15 నుంచి 25 ఆంపియర్లు తీసుకుంటుంది, స్టార్టింగులో ఇంకా ఎక్కువ. 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసే స్విచ్), 30 ఆంపియర్ల ఫ్యూజు, 4 నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి రిలే 30వ పిన్నుకు, 87 నుంచి ఫ్యాన్‌కు, 86కు థర్మో స్విచ్ గుండా ఇగ్నిషన్ సప్లై, 85 ఎర్త్‌కు. 92 దగ్గర వేసి 87 దగ్గర ఆపే థర్మో స్విచ్ 82 డిగ్రీల థర్మోస్టాట్‌కు సరిపోతుంది. ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ తప్పక తిరిగేలా ఇంకో లైను కలపండి. డాష్‌బోర్డులో రెండు స్విచ్‌లు: ఒకటి బలవంతంగా వేయడానికి, ఒకటి నీళ్లలోకి దిగేముందు ఆపడానికి. ఆపే స్విచ్‌కు ఎర్ర లైటు పెట్టండి. నీళ్లు దాటాక మళ్లీ వేయడం మర్చిపోయి ఇంజిన్ పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

బిగించాక ఫ్యాన్ తిరుగుతుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర, ఫ్యాన్ కనెక్టర్ దగ్గర వోల్టేజీ చూడండి. తేడా అర వోల్టు దాటితే వైరు సన్నమైనా కావాలి, ఎర్త్ పాడైనా కావాలి. ఫ్యాన్ గాలి ఏ వైపు పోతోందో కాగితం పెట్టి చూడండి. వైర్లు తారుమారైతే ఫ్యాన్ ఎదురు గాలి తోస్తుంది, మోత మాత్రం అలాగే ఉంటుంది.

విరివిగా వించ్ వాడేవాళ్లకు ఇంకో సంగతి. 9,500 పౌండ్ల వించ్ పూర్తి బరువు మీద 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. ఏ ఆల్టర్నేటర్ కూడా అంత ఇవ్వలేదు, మిగతాది బ్యాటరీ ఇస్తుంది, వోల్టేజీ కుంగుతుంది, ఎలక్ట్రిక్ ఫ్యాన్ నీరసిస్తుంది. బండి నిలబడి ఉంది కాబట్టి ఎదురుగాలీ లేదు. ఐడ్లింగ్‌ను 1,500 ఆర్‌పీఎం దాకా పెంచి, నిమిషం లాగి, కాసేపు ఆగి, మళ్లీ లాగండి.

మూత, థర్మోస్టాట్, హోసులు

మూత చిన్నదే, పని పెద్దది. సగం నీళ్లు సగం కూలెంట్ కలిసిన ద్రవం మామూలు గాలి ఒత్తిడిలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 15 పీఎస్ఐ ఒత్తిడి పట్టి ఉంచే మూత పెడితే అదే 129 దాకా ఆగుతుంది. రబ్బరు వాషర్ గట్టిపడ్డ మూతతో ఆ ఇరవై డిగ్రీల రక్షణ పోతుంది. పాత మూత మీదున్న అంకెకే కొత్తది కొనండి. ఎక్కువ అంకె మూత వేస్తే వేడి తగ్గదు, పాత హోసులూ హీటర్ కోరూ పగులుతాయి. లద్దాఖ్ ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు మూత మరీ ముఖ్యం, అక్కడి ఎత్తైన కనుమల్లో బయటి గాలి ఒత్తిడి దాదాపు సగానికి పడిపోతుంది, మూత లేని నీళ్లు 83 దగ్గరే మరుగుతాయి.

థర్మోస్టాట్ పీకేయమనే సలహాకు ఇప్పుడు సమాధానం. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే కింది బిళ్లతో బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది, వేడి కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి పోతుంది. గుట్ట మీద వేడి ఇంకా పెరుగుతుంది. మైదానంలో ఇంజిన్ చల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్) ఇంజిన్లలో కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఇంధనం ఎక్కువ పోస్తుంది. అనుమానంగా ఉంటే విప్పి గిన్నెలో నీళ్లు పోసి దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద చెక్కిన అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో 12–15 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు గాలి పోయే చిన్న పిన్ను పైకి ఉండాలి.

హోసులు చేత్తో నొక్కి చూడండి. మెత్తబడ్డా, క్లాంపు దగ్గర ఉబ్బినా మార్చేయండి.

కూలెంట్ నింపడం

బోరు నీళ్లు పోయకండి. మన దగ్గర చాలా ఊళ్ల బోరు నీటిలో లవణాలెక్కువ, టీ గిన్నెకు పట్టే తెల్లపొరే ఇంజిన్ లోపలా పడుతుంది, వేడి ఆ పొర దాటి రాలేదు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఆకుపచ్చదీ నారింజదీ కలపకండి, రంగు ఒకటే అయినా రకం వేరుండొచ్చు, డబ్బా మీద రకం చూడండి. కలిస్తే కొన్ని జిగురుగా మారి ట్యూబులు మూసేస్తాయి.

చిక్కగా పోస్తే చల్లదనం ఎక్కువ అనుకుంటారు. గ్లైకాల్ నీటి కన్నా తక్కువ వేడి మోస్తుంది. సగం సగం చాలు, 60 శాతం దాటించకండి. ఫ్లష్ చేసి డ్రెయిన్ తెరిచినా ఇంజిన్ బ్లాక్‌లో రెండు మూడు లీటర్ల నీళ్లు ఉండిపోతాయి, కాబట్టి సగం సగం కలిపింది తెచ్చి పోస్తే లోపల పలచబడుతుంది. మాన్యువల్లో మొత్తం 10 లీటర్లని ఉంటే, ముందు కలపని కూలెంట్ 5 లీటర్లు పోసి, మిగతా ఖాళీ డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి.

గాలి బుడగ తీయడం: బండి ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా నిలపండి. హీటర్ పూర్తి వేడిలో పెట్టండి. మూత తీసి నెమ్మదిగా నింపి, స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో ఉంచండి. టాప్ హోస్ పిసుకుతూ ఉంటే బుడగలు వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం దిగుతుంది, నింపి మూత వేయండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద మళ్లీ చూడండి, అర లీటరు పట్టడం మామూలే.

పెద్ద రేడియేటర్ ఎప్పుడు?

టర్బో వేశారు, రీమ్యాప్ చేయించారు (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించారు), పెద్ద ఇంజిన్ దించారు, పై పనులన్నీ అయ్యాక కూడా కూలెంట్‌కీ బయటి గాలికీ మధ్య తేడా 65–70 దాటుతోంది అంటే అప్పుడు. మందం కన్నా ముందు వెడల్పు ఎత్తు పెంచగలరా చూడండి. నాలుగు వరసల మందం కోర్ గుండా గాలి లాగడం బలహీనమైన ఫ్యాన్ వల్ల కాదు. పాత రాగి ఇత్తడి రేడియేటర్ అయితే పారేయకముందు ట్యాంకులు విప్పించి ట్యూబులు శుభ్రం చేయించి తిరిగి మాటు వేయించండి. చాలావాటికి అదే సరిపోతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బండికి ముందుగా విడి ఆయిల్ కూలర్ వేయించడం మంచిది: నెమ్మదిగా పాకేటప్పుడు ఆ గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌తో కలిపే టార్క్ కన్వర్టర్ పుట్టించే వేడి చాలా బండ్లలో అదే రేడియేటర్ మీద పడుతుంది.

నడపడంలో

పాత థార్ సీఆర్‌డీఈ టైరు 29 అంగుళాలు. 33 వేస్తే గేరింగ్ దాదాపు 14 శాతం బరువెక్కుతుంది. అదే వేగానికి ఇంజిన్ నెమ్మదిగా తిరిగి ఎక్కువ లాగుతుంది, దానితో తిరిగే పంపూ ఫ్యాన్ కూడా నెమ్మదిస్తాయి. కాబట్టి ఎక్కుడు కనిపించగానే 4ఎల్ వేసి, ఇంజిన్‌ను 2,000 ఆర్‌పీఎం పైన తిప్పుతూ ఎక్కండి. పై గేరులో గురగురమంటూ ఎక్కించడమే వేడికి మొదటి కారణం.

నీళ్లలోకి దిగేముందు రెండు నిమిషాలు ఆగి వేడి దింపి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఆపి, బోనెట్ ముందు టార్పాలిన్ కట్టి దిగండి. దాటగానే టార్పాలిన్ విప్పి, ఫ్యాన్ స్విచ్ వేయండి.

ముల్లు ఎక్కేసింది, ఏం చేయాలి?

105 దగ్గర ఏసీ ఆపండి, హీటర్ పూర్తిగా వేసి బ్లోయర్ పెంచండి. ఒళ్లు మండుతుంది, కానీ అది చిన్న రెండో రేడియేటర్. దిగకపోతే గాలికి ఎదురుగా ఆపి, న్యూట్రల్‌లో 1,200–1,500 ఆర్‌పీఎం దగ్గర నడవనివ్వండి. ఇంజిన్ టక్కున ఆపితే పంపు ఆగి హెడ్‌లో ఉన్న వేడి అక్కడే ఉడుకుతుంది. ఆవిరి లేచినా, కూలెంట్ కారినా, బెల్టు తెగినా, 115 దాటినా మాత్రం వెంటనే ఆపేయాలి.

ఆపాక 45 నిమిషాలు మూత ముట్టకండి. తర్వాత మందపాటి గుడ్డ వేసి పావు చుట్టు తిప్పి, బుస్సుమనడం ఆగాక తీయండి. వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది. నీళ్లే దిక్కైతే చల్లారాక, ఇంజిన్ నడుస్తుండగా, సన్నటి ధారగా పోయండి. రేడియేటర్ ఫిన్‌ల మీద బయటినుంచి చిలకరించడం ఫర్వాలేదు. బ్లాక్ మీద, టర్బో మీద మాత్రం వద్దు.

బండిలో ఉండాల్సినవి: 5 లీటర్ల డిస్టిల్డ్ వాటర్, లీటరు కూలెంట్, టాప్ బాటమ్ హోసులు, నాలుగు క్లాంపులు, ఫ్యాన్ బెల్టు, మూత, 40 ఆంపియర్ల రిలే, రెండు ఫ్యూజులు, తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు.

ఒకసారి బాగా వేడెక్కిన ఇంజిన్‌ను మర్నాడు పొద్దున స్టార్ట్ చేసేముందు ఆయిల్ మూత అడుగు చూడండి, డిప్‌స్టిక్ తీసి చూడండి. పాలు కలిసిన టీ రంగు కనిపిస్తే స్టార్ట్ చేయకండి, బండిని ట్రక్కు మీద వేసి గ్యారేజీకి పంపండి.